మామిడిచెట్టు దాహానికి ఒక లెక్క

(పాఠశాల ప్లాటినం జూబిలీ ఉత్సవ సభలో ప్రధానోపాధ్యాయిని చేసిన ప్రసంగ పాఠం)

 

75 ఏండ్ల పండుగనాడు ప్రధానోపాధ్యాయిని ఏమి మాట్లాడవలెనో ఒక ఆనవాయితీ ఉన్నది. పాఠశాల చరిత్ర చెప్పాలి, పరీక్షా ఫలితాలు చదవాలి, దాతల పేర్లు తలచుకోవాలి. ఆ మూడూ ఈ సంచికలో వేరు వేరు వ్యాసాలుగా వస్తున్నవి కనుక నాకు కొంత స్వేచ్ఛ దొరికింది. దానిని వినియోగించుకొని, మన జిల్లాలోని మామిడితోటల నీటి అవసరాన్ని గురించి మాట్లాడదలచుకొన్నాను. బడిపంతులమ్మకు తోటల గొడవ ఎందుకని మీలో కొందరికి తోచవచ్చును. అందుకు కారణం ఒక ఫోటో.

ఈ సంచిక కోసం పాత తరగతి ఫోటోలన్నీ సేకరించి ఉపాధ్యాయుల గదిలోని పెద్ద బల్లమీద పరచినాము. ముందు వరుసలో నేలమీద కూర్చున్న పసివాళ్ళు, వారి ముందు తరగతీ సంవత్సరమూ వ్రాసిన పలక, కుర్చీలలో మాస్టర్లు, వెనుక బల్లలెక్కి నిలబడిన పెద్ద పిల్లలు. మా డ్రాయింగు మాస్టారు చాలాసేపు చూచి ఒక మాట అన్నారు: "అమ్మా, వీళ్ళందరూ నవ్వుతున్నారు, కాని పెదవులు విప్పలేదు." అప్పుడు నేను కూడా చూచినాను. నిజమే. ఫోటో తీసేవాడు నవ్వమని చెప్పి ఉంటాడు, పిల్లలు నవ్వినారు, కాని నోరు మూసుకొని నవ్వినారు. ఆ వరుసలలో ఒకచోట రెండు జడలు వేసుకొని నేను కూడా ఉన్నాను. నా పెదవులు కూడా మూసే ఉన్నవి.

ఎందుకో మీ అందరికీ తెలుసు. మన పళ్ళమీద ఉండిన గోధుమరంగు చారలను చూచి బయటి ఊరివాళ్ళు, పళ్ళు తోముకోరా అని అడిగేవారు. తోమితే పోయే మచ్చ కాదది. నీటిలో ఫ్లోరైడు మోతాదు మించినప్పుడు, చిగురు క్రింద పంటి పింగాణి ఏర్పడే వయసులోనే, అంటే సుమారు ఎనిమిదేండ్ల లోపుననే, ఆ మచ్చ పడిపోతుంది. తరువాత ఏమి చేసినా పోదు. లీటరు నీటిలో ఒక మిల్లీగ్రాము వరకు మంచిదనీ, వేరే గతి లేనప్పుడు ఒకటిన్నర వరకు త్రాగవచ్చుననీ భారతీయ ప్రమాణాలు చెబుతున్నవి. ఏండ్ల తరబడి దానిని మించి త్రాగినవారికి పళ్ళతో ఆగదు. నడుము వంగదు, మోకాలు మడవదు. 1937లోనే నాటి మద్రాసు రాష్ట్రపు నెల్లూరు జిల్లా పల్లెలలో వైద్యులు ఈ ఎముకల జబ్బును గుర్తించి ప్రకటించినారు. అంటే మన దేశంలో ఈ వ్యాధి మొదట గ్రంథస్థమైనది తెలుగు పల్లెలలోనే.

మన జిల్లా క్రింద ఉన్నది గట్టి రాయి. ఆ రాతిలోని ఖనిజాలలో ఫ్లోరైడు ఉన్నది. వానకు ఊరి, పైపైన పారిపోయే నీటిలో అది కొద్దిగానే కరుగుతుంది. రాతి పగుళ్ళలో ఏండ్ల తరబడి కదలక నిలిచిన నీటిలో సాధారణంగా హెచ్చుగా కరుగుతుంది. మా తాతల కాలంలో బావి ముప్ఫై నలభై అడుగులు. కపిల తోలేవాడు ఎద్దుల వెనుక నడచి ఎంత తోడగలడో అంతే తోట. ఎద్దు అలసినప్పుడు బావికి కూడా విశ్రాంతి. ఆ తరువాత మోటార్లు వచ్చినవి, బోర్లు వచ్చినవి. తమిళనాడులో 1984లో చిన్న రైతులకు, 1990లో రైతులందరికీ వ్యవసాయపు కరెంటు ఉచితమైంది. దానిని నేను తప్పు పట్టను. ఆ కరెంటే లేకుంటే ఈ సభలో కూర్చున్నవారిలో సగం మంది పొలాలు బీడుపడి ఉండేవి. కాని మోటారుకు ఎద్దువలె అలసట లేదు. ఆటో స్టార్టరు పెట్టి ఇంటికి వెళ్ళిపోతే, కరెంటు అర్ధరాత్రి వచ్చినా అది తనంతట తానే తిరుగుతుంది. అది ఎంత తోడినదో ప్రొద్దునకు ఎవరికీ తెలియదు.

త్రాగునీటి విషయంలో మనకు ఒక మేలు జరిగింది. జపాను వారి ఋణసహాయంతో హొగెనకల్ త్రాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకానికి 2008లో శంకుస్థాపన జరిగి, 2013లో ప్రారంభోత్సవం జరిగింది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలకు కావేరి గొట్టాలలో నడచి వచ్చింది. ఈనాటి మా ఒకటవ తరగతి పిల్లల నవ్వులో ఆ తేడా కనబడుతున్నది. ఐతే మనుష్యులకు కావేరి వచ్చింది గాని చెట్లకు రాలేదు. చెట్టు త్రాగేది ఇంకా ఆ బోరునే. గొట్టం పగిలి రెండు దినాలు కుళాయి రాకపోతే మనమూ బిందె పట్టుకొని వెళ్ళేది ఆ బోరు దగ్గరికే. కాబట్టి తోట ఎంత త్రాగుతున్నదో తెలిసికోవడం తోటవాడి పని మాత్రమే కాదు, ఇంటి పని, బడి పని కూడా.

ఇక లెక్కకు వస్తాను. పెద్దలు భయపడనక్కరలేదు, ఇది మా ఏడవ తరగతి లెక్క.

చెట్టు వేరుతో పీల్చిన నీటిలో నూటికి తొంబది పాళ్ళకు పైగా ఆకుల రంధ్రాల గుండా ఆవిరియై పోతుంది. దానినే పాఠ్యపుస్తకాలలో బాష్పోత్సేకం అంటాము. అది చెట్టు చేసే దుబారా కాదు. ఆ రంధ్రం తెరిస్తేనే గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి వస్తుంది, అది వస్తేనే పిండిపదార్థం తయారవుతుంది. ఆ పిండిపదార్థమే తరువాత మనం తినే పండులోని తీపి. ఎండ, గాలి, గాలిలోని తేమ, ఈ మూడింటిని బట్టి ఎంత నీరు ఆవిరి కాగలదో ముందుగా కనుగొనవచ్చును. వాతావరణ కేంద్రాలలో నాలుగడుగుల వ్యాసం, పది అంగుళాల లోతు గల గుండ్రని లోహపు పళ్ళెంలో నీరుపోసి, దినానికి ఎన్ని మిల్లీమీటర్లు తగ్గిందో కొలుస్తారు. మా పెరటిలో కూడా ఒక వెడల్పు పాత్ర పెట్టినాము. మొదటి వారం దినదినమూ లెక్క తప్పింది. కాకులు వచ్చి త్రాగిపోతున్నవి! పైన వలబుట్ట కప్పిన తరువాత గాని మా శాస్త్రం కుదుటపడలేదు. చిన్న పాత్రలో నీరు కొంచెం హెచ్చుగా తరుగుతుంది కనుక మా కొలతను పరిశోధన అనుకోవద్దు. పిల్లలకు కన్ను తెరుచుకోవడానికి అది చాలు.

ఏప్రిల్ మాసంలో ఒక దినం ఆ పళ్ళెంలో 7 మిల్లీమీటర్లు తగ్గిందనుకొందాం. పళ్ళెంలో నీరు నేరుగా ఎండకు కాగుతుంది, నేలమీది పచ్చదనం అంత వదలదు. అందుచేత దానిలో పదింట ఏడు వంతులు తీసికొంటారు. అది సుమారు 5 మిల్లీమీటర్లు. మామిడి ఆకు దళసరి, దాని తీరు వేరు కనుక మరల 0.8తో గుణిద్దాం, 4 మిల్లీమీటర్లు వచ్చింది. ఒక చదరపు మీటరుపై ఒక మిల్లీమీటరు నీరు అంటే సరిగ్గా ఒక లీటరు. ఇక చెట్టు గొడుగు ఎంతనేది మిగిలింది. ఆరు మీటర్ల వ్యాసం గల గొడుగు క్రింద 28 చదరపు మీటర్ల నీడ ఉంటుంది. 28ని 4తో గుణిస్తే 112 లీటర్లు. మండు వేసవిలో, కాయమీద ఉన్న అటువంటి చెట్టు ఒక దినానికి పుష్కలంగా త్రాగితే త్రాగేది ఇంత.

ఈ అంకె చూచి ఎనిమిదవ తరగతి పిల్ల ఒకతె లేచి, "టీచర్, మనిషికి ఎంత?" అని అడిగింది. 2019లో మొదలైన జలజీవన్ మిషన్‌లో పల్లెలోని మనిషికి దినానికి 55 లీటర్లు అని నిర్ణయించినారు. అంటే ఒక మామిడిచెట్టు ఇద్దరు మనుష్యుల నీరు త్రాగుతుంది. పదేసి మీటర్ల దూరాన నాటిన తోటలో ఎకరాకు 40 చెట్లు. ఒక ఎకరం తోట ఎనభై మంది జనాభాతో సమానం. నాలుగెకరాల రైతు ఇంట్లో నలుగురే ఉండవచ్చును, కాని అతడు దినమూ నీళ్ళు పోయవలసినది మూడువందల ఇరవై మందికి.

అయితే అంత నీరు మన జిల్లాలో ఎక్కడ ఉన్నదని మీరడుగుతారు. లేదు. మన వర్షపాతం సంవత్సరానికి సుమారు 850 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం ఆగస్టు నుండి నవంబరు వరకే కురిసిపోతుంది. వేసవిలో అడపాదడపా ఉరుముల వాన తప్ప మరేమీ లేదు. అదృష్టవశాత్తు మామిడి లోతుకు వేరు తన్ను చెట్టు. ఎదిగిన మామిడి 112 లీటర్లకు సగం దొరికినా చావదు, వానమీదనే ఆధారపడి కాసే తోటలు మన చుట్టూ ఎన్నో ఉన్నవి. కాయ పరిమాణం తగ్గుతుంది, పిందె రాలుతుంది, అంతే. కాబట్టి "ఎంత" అన్న ప్రశ్నకంటె "ఎప్పుడు" అన్న ప్రశ్న పెద్దది. ఈ సంగతి నేను పుస్తకంలో నేర్చుకోలేదు. మా నాయన తోటలో, మా నాయన సొమ్ముతో నేర్చుకొన్నాను. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉన్నను చెబుతాను.

పాలక్కోడు వెళ్ళే దారిలో మాకు నాలుగెకరాల మామిడితోట ఉండేది. ఎక్కువ భాగం బెంగుళూరా, గుజ్జు ఫ్యాక్టరీలకు పోయే కాయ. ఆంధ్రలో దానినే తోతాపురి అంటారు. గట్టున నాలుగు మల్గోవా, ఇంటికోసం. 1993లో నేను బి.ఎస్సి., బి.ఇడి. పూర్తిచేసి, కొత్తగా ఉద్యోగంలో చేరి, సెలవులకు ఇంటికి వచ్చినాను. ఐప్పసి, కార్తీక మాసాల వానకు బావి నిండుగా ఉన్నది. కరెంటు ఉచితం. మా నాయన మోటారు వేయకుండా వసారాలో కూర్చొని ఉన్నాడు. నాకు అది సోమరితనంగా తోచింది. "నాయనా, బావిలో నీళ్ళుండగా చెట్టును ఎండబెడతారా? నీరు లేనిదే కిరణజన్య సంయోగక్రియ ఎట్లా జరుగుతుంది?" అని ఉపన్యాసమిచ్చినాను. ప్రక్క తోట మామ ఒకాయన చుట్ట కాల్చుకొంటూ విని, "అమ్మాయ్, మామిడికి ఇప్పుడు నీళ్ళు పెడితే ఆకు కాస్తుంది, కాయ కాయదు" అన్నాడు. చదువుకోనివాడి మాట అనుకొన్నాను. మా నాయన, కూతురు పట్టభద్రురాలు గదా అని, మోటారు వేసినాడు.

చెట్లు నిగనిగలాడినవి. ప్రతి కొమ్మకూ రాగిరంగు లేత చిగురు. నేను ఎంతో గర్వపడినాను. సంక్రాంతి దాటింది, చుట్టుప్రక్కల తోటలు పూతతో తెల్లబడినవి, మా తోట మాత్రం పచ్చగా ఉండిపోయింది.

జరిగినదేమంటే, మామిడి కొమ్మ కొనలోని మొగ్గ చిగురు కావాలా, పూత కావాలా అనేది చలి, ఎండుదల కలిసి నిర్ణయిస్తవి. మార్గశిర, పుష్య మాసాలలో పూత రావాలంటే, అంతకు ముందు రెండు మూడు మాసాలు చెట్టుకు విశ్రాంతి కావాలి. ఆ కాలంలో వేరుకు తడి తగిలితే మొగ్గ ఆకువైపు తిరిగిపోతుంది. మన రైతులు దీనికి "బెట్ట" అని ఎంతో చక్కని మాట పెట్టినారు. బెట్టకు వదలడం అంటే చెట్టును చంపడం కాదు, నీరు ఆపి దానిని పూతకు సిద్ధం చేయడం. నా చదువులో కిరణజన్య సంయోగక్రియ ఉన్నది గాని బెట్ట లేదు.

నష్టం ఆ పంటతో ఆగలేదు. గంటకు 6,000 లీటర్లు పోసే మోటారు దినానికి మూడు గంటలు తిరిగిందనుకోండి, 18,000 లీటర్లు. అరవై దినాలకు 10 లక్షల 80 వేల లీటర్లు. ఇందాక చెప్పిన లెక్క ప్రకారం మా 160 చెట్లకు మండు వేసవిలో దినానికి కావలసినది కూడా సుమారు 18,000 లీటర్లే. అనగా వేసవిలో రెండు మాసాలు కడుపునిండా పోయగల నీటిని, చెట్టుకు అక్కరలేని మాసాలలో నేను పోయించినాను. బావిలో ఉంటే ఆ నీరంతా ఏప్రిల్ వరకు కదలక నిలిచి ఉండేదని చెప్పను, కొంత ప్రక్కవారి బావులకు పోయేది. ఐనా మార్చి నెలాఖరుకు మా బావి అడుగు కనబడింది. వచ్చిన కొద్దిపాటి పిందె గోళీలంత ఉన్నప్పుడే రాలింది. మరుసటి ఏడు మా నాయన అప్పుచేసి బోరు వేయించినాడు. మొదటిదానిలో 300 అడుగులకు తడి పొడి తప్ప రాలేదు. రెండవది 550 అడుగులు. అందులో నీరు పడింది, మూడేండ్లు వచ్చింది. మూడవ బోరు అప్పుకు రెండెకరాలు అమ్మినాము. ఆ 550 అడుగుల నీటిని మూడేండ్లు మా అమ్మ వంటకు, త్రాగడానికి కూడా వాడింది. ఇప్పుడు ఆమె నేలమీద కూర్చోలేదు. వయసు వలననా, నీటి వలననా అని డాక్టరును అడిగితే రెండూ కావచ్చునన్నారు. మా నాయన ఒక్కనాడు కూడా నన్ను ఒక మాట అనలేదు. ఆ మామ మాత్రం కనబడినప్పుడల్లా, "ఏమమ్మా టీచరమ్మా, ఈ ఏడు ఆకు ఎట్లా కాసింది?" అనేవాడు. పోయినాడు పాపం, మంచివాడు.

ఈ కథ మనదొక్కటే అనుకోకండి. 1792లో శ్రీరంగపట్టణం సంధితో మన బారామహల్ కుంఫిణీ చేతికి వచ్చినప్పుడు కెప్టెన్ రీడ్ క్రింద ఇక్కడ శిస్తు కొలతలు చేసిన థామస్ మన్రో, 1800 తరువాత రాయలసీమకు కలెక్టరుగా వెళ్ళినాడు. అక్కడివాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నంతగా ఆయన పేరు నిలిచింది. ఆయన నడచిన ఆ దారిలోనే మన ఆలోచనను కూడా పంపుదాం. అనంతపురం జిల్లాలో వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే, మనకంటె మూడవ వంతు తక్కువ. అక్కడ చీనీతోటలు విస్తారం. చీనీకి కూడా బెట్ట పెట్టి, తరువాత నీరిచ్చి పూత తెప్పించే పద్ధతి వాళ్ళకు కరతలామలకం. ఐతే బోర్లన్నీ ఎండినప్పుడు ఆ నేర్పు ఏమి చేస్తుంది? కరవు సంవత్సరాలలో రైతులు ట్యాంకర్లతో నీళ్ళు తోలించి చెట్లను బ్రతికించుకొన్నారు. తోలించలేనివారు పదేండ్లు పెంచిన చెట్టుకు తామే గొడ్డలి పెట్టినారు. జొన్న ఎండితే ఒక పంట పోతుంది, వచ్చే ఏడు మరల విత్తవచ్చును. చెట్టు ఎండితే పదేండ్లు పోతవి. మెట్టప్రాంతంలో పండ్లతోట వేయడమంటే రాబోయే ఇరవై వేసవులకు నీరు ఇస్తానని మాట ఇవ్వడం.

తెలంగాణంలో అదే చీనీని బత్తాయి అంటారు. బత్తాయికి నల్లగొండ పేరు పొందింది. ఆ నల్లగొండకే ఫ్లోరైడు వలన కూడా పేరు వచ్చింది. పటిక, సున్నం కలిపి నీటిలోని ఫ్లోరైడును తేర్చే పద్ధతిని నాగపూరులోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థవారు రూపొందించినారు. దానికి ప్రపంచమంతటా "నల్లగొండ పద్ధతి" అనే పేరు. గట్టి రాయి, తక్కువ వాన, లోతు బోర్లు, పండ్లతోటలు, పళ్ళమీద చారలు: ధర్మపురిని వర్ణించమంటే నల్లగొండను వర్ణించినట్లే ఉంటుంది.

ఇక చేయదగినది ఏమిటి? పైయూరులోని ప్రాంతీయ పరిశోధనా కేంద్రం, పాప్పారప్పట్టిలోని కృషి విజ్ఞాన కేంద్రం మనకు దగ్గరలోనే ఉన్నవి. నాకంటె ఎంతో తెలిసినవారు అక్కడ ఉన్నారు, వెళ్ళి అడగండి. నేను తల్లిదండ్రులకు చెప్పదగిన రెండు మూడు మాటలు మాత్రం చెబుతాను.

పూతకు ముందు నీరు ఆపండి. పిందె బఠాణీ గింజంత అయినప్పుడు మొదలుపెట్టండి. ఒక్కసారిగా ముంచెత్తకుండా కొద్ది కొద్దిగా పెంచండి. కోతకు రెండు మూడు వారాల ముందు మరల తగ్గించండి, కాయలో తీపి నిలుస్తుంది. ఈ లెక్కన సంవత్సరంలో మీ మోటారు నిజంగా పని చేయవలసిన కాలం మూడున్నర, నాలుగు మాసాలే. లేత మొక్కల సంగతి వేరు. వాటికి లోతు వేరు లేదు కనుక మొదటి మూడు నాలుగేండ్లు వాటికి బెట్ట తగదు.

రెండవది, నీరు ఎక్కడ పోయాలి. మనం మొదలుకు ఆనుకొని పాదు చేసి నింపుతాము. నీటిని పీల్చే పీచు వేళ్ళు మొదలు దగ్గర తక్కువ, గొడుగు అంచు నీడ పడే చోట ఎక్కువ. మొదట్లో నిలిచిన నీరు బెరడును కుళ్ళబెడుతుంది, మిగిలినది వేళ్ళను దాటి క్రిందికి దిగిపోతుంది. అన్నం మూతికి పెట్టక మోకాలికి పెట్టినట్లు.

మూడవది బిందు సేద్యం. మన పిల్లలు బడిలో బిందు సేద్యమని చదివి, ఇంటిలో సొట్టునీర్ అంటారు, రెండూ ఒకటే. 1960ల దశకంలో ఇజ్రాయెలు ఎడారిలో సింఖా బ్లాస్ అనే ఇంజనీరు దీనిని ఈనాటి రూపానికి తెచ్చినాడు. కాని మట్టికుండను మొక్క ప్రక్కన మెడవరకు పాతి, నీరు నింపి, దాని చెమ్మతో మొక్కను పెంచడం మన అమ్మమ్మలకు తెలిసిన విద్యే. చెట్టు చుట్టూ గంటకు 8 లీటర్లు కార్చే బొట్టుగొట్టాలు నాలుగు పెడితే గంటకు 32 లీటర్లు. 112 లీటర్లకు మూడున్నర గంటలు. అప్పుడు మోటారును నిద్రలో వదలనక్కరలేదు, ఎంత ఇచ్చినారో మీకు తెలుస్తుంది. తమిళనాడులో చిన్న, సన్నకారు రైతులకు దీనికి నూరు శాతం, తక్కినవారికి 75 శాతం రాయితీ ఉన్నది. చిట్టా, అడంగల్, చిన్నరైతు ధృవపత్రం కావాలి. ఆ కాగితాల కోసం తిరగలేక మానుకొన్నామని కొందరు తల్లిదండ్రులు నాతో అన్నారు. దరఖాస్తు నింపడానికి మా ఉపాధ్యాయులు సాయం చేస్తారు, మొహమాటపడకండి. ఒక హెచ్చరిక: మన నీటిలో ఉప్పు ఎక్కువ, గొట్టపు కన్నాలు పూడుకొంటవి. ఎలుకలు, ఉడుతలు కూడా తమ వంతు పని చేస్తవి. పెట్టి మరచిపోయేది కాదు డ్రిప్పు, వారానికొకసారైనా వరుసవెంట నడవాలి.

మరొక సంగతి, దీనికి పైసా ఖర్చు లేదు. రాలిన ఆకును కాల్చకండి. చెట్టు క్రింద నాలుగు వేళ్ళ మందాన పరచితే నేలనుండి ఎగిరిపోయే తేమ చాలా వరకు నిలుస్తుంది. మన ప్రాంతంలో పొగ పెట్టడం శుభ్రతకు గుర్తుగా భావిస్తున్నాము. మా బడి ఆవరణలో కూడా మొన్నమొన్నటి వరకు కాల్చేవాళ్ళమే, ఆయమ్మను ఒప్పించడానికి నాకు రెండేండ్లు పట్టింది.

కొత్తగా తోట పెట్టదలచినవారికి ఒక మాట. మొక్క ధర అడిగే ముందు, ఈ చెట్టు ఏప్రిల్‌లో ఎన్ని లీటర్లు త్రాగుతుందని అడగండి. అరటికి ఏడాది పొడుగునా తడి కావాలి, అది కాలువ క్రింది పంట. ఉసిరి, సీతాఫలం, రేగు, చింత తక్కువ నీటితో నిలిచేవి. ఈ ఊరు తగడూరుగా ఉన్న కాలంలో అధియమాన్ అవ్వైయారుకు దీర్ఘాయువునిచ్చే పండును కానుకగా ఇచ్చినాడని తమిళ సంగసాహిత్యం చెబుతుంది. ఆ రాజు ఇచ్చినది మామిడి కాదు, నెల్లి, అంటే మన ఉసిరి. ఈ నేలకు ఏది తగునో ఆయనకు తెలిసినట్లున్నది.

చివరగా ఒక విన్నపం. ధర్మపురి సుమారు 12 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నది. అందువలన ఏప్రిల్ 20వ తేదీ ప్రాంతంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగా మన నడినెత్తిన ఉంటాడు, చెట్టు నీడ ప్రక్కకు వాలక గొడుగు క్రిందనే పడుతుంది. ఆ వారంలో ఒక మధ్యాహ్నం మీ తోటలో పెద్ద చెట్టు ఒకటి, నడిమి చెట్టు ఒకటి, చిన్న చెట్టు ఒకటి ఎంచుకొని, నీడ ఈ అంచునుండి ఆ అంచువరకు తాడు పట్టి ముడి వేయండి. మూడు ముడుల తాడును, మొత్తం ఎన్ని చెట్లున్నవో వ్రాసిన కాగితాన్ని మీ పిల్లవాడి చేతికిచ్చి బడికి పంపండి. పెరటిలోని పాత్ర కొలత మా దగ్గర ఉన్నది. ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలు లెక్క కట్టి, మీ తోటకు ఆ వారం దినానికి ఎన్ని లీటర్లో, మీ మోటారు ఎన్ని గంటలు తిరిగితే చాలునో చీటీ వ్రాసి పంపుతారు. పోయిన ఏడు పదకొండు తాళ్ళు వచ్చినవి. అందులో ఒకటి మా నాయనది. మిగిలిన రెండెకరాలలో ఉన్న 80 చెట్లకు మా పిల్లలు వ్రాసిన చీటీని ఆయన వసారా గోడకు మేకు కొట్టి తగిలించుకొన్నాడు. ఈ ఏడు తాళ్ళు ఎక్కువ వస్తే లెక్కల మాస్టారికి ఒక పిరియడు అదనంగా ఇస్తాను. తాడు మాత్రం నైలానుది వద్దు, సాగుతుంది. కొబ్బరి తాడు పంపండి.